అడుగున కొళాయి

“దించండ్రా ఆ దరిద్రపు ట్యాంకు!”

బండి ఆగకముందే బడిపంతులు రాఘవయ్య వేసిన కేకకి కాలవలో పడవ సరంగు కూడా తలతిప్పి చూశాడు. ఏలూరు కాలవగట్టున రేకుల కొట్టులో అతుకులు వేసుకుంటున్న కరీం గబగబా లేచి వచ్చాడు. బండిలో ఉన్నది పదిరోజుల క్రితం తాను చేసి పంపిన కిరసనాయిలు ట్యాంకే. దానికి తగలకుండా చీర దగ్గరికి లాక్కుని ఓ మూల కూర్చుంది పంతులు తల్లి వెంకటనరసమ్మ.

“ఏమైందండీ పంతులుగారూ?”

“ఏమైందా? దీపం వెలిగిస్తే చిటపటలాడి ఆరిపోతోంది. నీ ట్యాంకులో నీళ్ళున్నాయి! అదే కొట్టు ఆయిలు పక్కింట్లో నిక్షేపంగా వెలుగుతోందయ్యా. కొల్లేరు పొంగితే మా ఊరికి బళ్ళు రావు. నీళ్ళు పెట్టుకుని చీకట్లో చావమంటావా మమ్మల్ని?”

కరీంకు ఒళ్ళు మండిపోయింది. ఈ పెద్దమనిషి ఒక్క ట్యాంకు కోసం నాలుగుసార్లు తిరిగాడు. గుండ్రంగా వద్దన్నాడు, పలకలుగా కావాలన్నాడు. కొళాయి అడుక్కి రెండువేళ్ళు పైన పెడతానంటే, చుక్క మిగలకూడదు, అడుగునే పెట్టమన్నాడు. అన్నీ ఆయన చెప్పినట్టే చేస్తే ఇదా మర్యాద?

“మీ ఎదుటే నీళ్ళు పోసి చూపించానండి. చుక్క కారలేదన్నారు. తరవాత బోర్లించి రెండురోజులు ఎండలో పెట్టాను.”

“అబద్ధం! పారబొయ్యడానికి బద్ధకించి ఆ నీళ్ళతోనే అంటగట్టావు. నా ట్యాంకు చూసి మా ఊళ్ళో ఇంకో ఆరుగురు నీకు ట్యాంకులు పురమాయించారు కదూ? ఆరుగురిచేతా మాన్పించేస్తాను. కొల్లేటి ఊళ్ళలో నీ రేకు ఎవడు కొంటాడో చూస్తాను!”

బండిలోంచి వెంకటనరసమ్మ అందుకుంది. “ఆనాడే మొత్తుకున్నాను కదరా! సాయిబు చేతి సామాను శుద్ధి చెయ్యకుండా గడప దాటించకూడదని. నా మాట విన్నావా?”

“కిరసనాయిలు ట్యాంకుకి శుద్ధేమిటమ్మా, నువ్వూరుకో!” ఆవిడమీదా విరుచుకుపడ్డాడు పంతులు.

గట్టుమీద జనం పోగయ్యారు. కరీం వాళ్ళవైపు తిరిగాడు.

“ఇందులో తప్పు నాదని తేలితే నా కత్తెర ఈ కాలవలో పారేసి కొట్టు మూసేస్తానండి. అందరూ చూడండి!”

ట్యాంకును అరుగుమీదికి దింపించి, కింద బేసిను పెట్టి కొళాయి తిప్పాడు.

నీళ్ళే! తేటగా, బొళబొళా, చెంబెడు నీళ్ళు.

“చూశారా? చూశారా?” పంతులు చిందులు తొక్కాడు.

“ఇంకేం, మూసెయ్యి సాయిబూ కొట్టు!” జనంలో ఎవడో నవ్వాడు.

కరీం బేసినులోకి వంగి చూశాడు. తన చేత్తో తుడిచి ఎండబెట్టిన ట్యాంకు. ఈ నీళ్ళెక్కడివి?

ఇంతలో ధార సన్నబడి ఆగిపోయింది. తట్టి చూస్తే ట్యాంకు ఇంకా సగానికి పైనే నిండి ఉంది. కొళాయికి ఏదో అడ్డం పడింది. కరీం సన్నని తీగ అందుకున్నాడు.

“ఇంక చాల్లేరా నాయనా, ఇంటికి పోదాం పద,” అంది వెంకటనరసమ్మ ఉన్నట్టుండి. “పోతే పోయింది వెధవ ట్యాంకు.”

“నువ్వుండమ్మా! వీడి బండారం బయటపడాలి!”

తీగ కొసన నాని నల్లబడిన చిన్న ఆకు ఒకటి చిక్కుకుని వచ్చింది. కరీం దాన్ని అరచేతిలో వేసుకుని, విప్పి, వాసన చూశాడు. ఆ చెయ్యి తీసుకెళ్ళి పంతులు ముక్కు ముందు పెట్టాడు.

“మా ఇంట్లో తులసికోట లేదండి, పంతులుగారూ.”