మూడోదాని తీర్పు

"ఆ పిల్ల మీ కూతురు కాదని మీకు తెలుసు. అయినా శరణార్థి శిబిరం కాగితాల్లో కూతురనే రాయించారు. అవునా, కాదా?"

ప్రభుత్వ వకీలు గొంతు పెంచలేదు. పెంచాల్సిన పనీ లేదు. బోనులో కూర్చున్న ముసలాయన తా వాన్ ఖియెమ్ అన్నిటికీ ఒప్పుకుంటూనే ఉన్నాడు. నలభై ఏళ్ళకి పైగా తన దేశంవాళ్ళు స్థిరపడ్డ వెస్ట్‌మిన్‌స్టర్‌లో గడియారాలు బాగుచేస్తూ బతికిన మనిషి.

"అవును బాబూ. మా తమ్ముడి కూతురు. తమ్ముడు సముద్రంలో పోయాడు. కన్నకూతురైతేనే నాతో పంపుతామన్నారు శిబిరం అధికారులు. పిల్లేమో నా చొక్కా పట్టుకుని ఏడుస్తోంది. కూతురేనన్నాను."

"అంటే అబద్ధం చెప్పి ఈ దేశంలోకి వచ్చారు. ఆ అబద్ధం మీదే పౌరసత్వం తీసుకున్నారు."

"చెప్పాను కదా బాబూ, పిల్ల ఏడుస్తోందని."

వెనక వరసలో ఎవరో ముక్కు చీదారు. పైన కుర్చీలో జడ్జి డ్వాన్ తూంగ్ వీ కాగితాల మీంచి తల ఎత్తలేదు.

"తీర్పు మూడు గంటలకి," అని లేచింది.

తన గది తలుపు మీద ఇత్తడి పలక తళతళలాడుతోంది. దానిమీద పేరు వంక చూడకుండానే లోపలికి వెళ్ళింది. ఏనాడూ చూడదు. దేశం విడిచి పడవలో పారిపోయి వచ్చిన పిల్ల ఇంత పెద్ద జడ్జి అయినా ఎంత వినయమో అనుకుంటారు అందరూ.

గుమాస్తా రెబెకా నీళ్ళు తెచ్చిచ్చింది. "ఈ కేసు వదిలేసుకోవచ్చు మేడమ్. ఎవరూ ఏమీ అనుకోరు."

"ఎందుకూ? నేనూ పడవ మనిషిననా?"

"అది కాదు. వారం రోజులుగా మీ మొహం మొహంలా లేదు."

"వయసు మీద పడుతోందమ్మా."

"భలేవారే! మీకు యాభై తొమ్మిదంటే ఎవరన్నా నమ్ముతారా? ఏం తింటారో చెప్పండి, మేమూ తింటాం."

"చేపల పులుసు," అంది వీ, సంచీ భుజాన వేసుకుంటూ. "ఇవాళ మా అక్క తద్దినం. అమ్మ వండి పెట్టి ఎదురుచూస్తుంటుంది."

అమ్మ ఉండే వీధిలో ఎవరింట్లో తద్దినమైనా ముప్పై మంది వచ్చి తిని, తాగి, పాటలు పాడి మరీ పోతారు. ఈ ఇంట్లో మాత్రం తల్లీకూతుళ్ళిద్దరే. పదమూడేళ్ళ పిల్ల చావుకి సందడేమిటంటుంది తల్లి. తాతముత్తాతల పటాలు ముందు గదిలోనే ఉంటాయి. అక్క పటం మాత్రం అమ్మ బీరువాలో ఉంటుంది. ఏడాదికొక్క రోజు, వీధి తలుపు గడియ పెట్టాక బయటికొస్తుంది.

"వచ్చావా మూడోదానా? అక్కకి అన్నం పెట్టు, చల్లారిపోతోంది."

వాళ్ళ దేశంలో తొలిచూలు బిడ్డని రెండోదని, తర్వాతి బిడ్డని మూడోదని పిలుస్తారు. దెయ్యాల కన్ను పడకుండా అలా మభ్యపెడతారు. ఇంట్లో అసలు పేర్లతో ఎవరికీ పని పడదు. వీ పటం ముందు గిన్నె పెట్టి, అగరొత్తులు వెలిగించి దణ్ణం పెట్టుకుంది.

"ఖియెమ్ సంగతేం చేశావ్?"

"మూడు గంటలకి తీర్పు."

"వదిలెయ్యరాదుటే! ఎవరి కొంప ముంచాడని?"

"చట్టం ఒప్పుకోదమ్మా."

"పోనీ ఇంకో జడ్జికి ఇచ్చెయ్."

"కారణం అడుగుతారు."

కూర వడ్డిస్తున్న తల్లి చెయ్యి ఆగింది.

"వదిలేశాననుకో, మనవాడని వదిలేసిందంటారు. పేపర్లవాళ్ళు నా పుట్టుపూర్వోత్తరాలన్నీ తవ్వుతారు."

తల్లి ఒకసారి గడియ వైపు చూసింది. "అన్నం తిను," అంది.

వీ ముద్ద కలిపి అలాగే వదిలేసింది. ఏటా ఈ రోజున ఇంతే. దేశం విడిచి పారిపోయినప్పుడు, దారిలో ఒక దీవిలోని శరణార్థి శిబిరానికి అమ్మా అక్కా ముందు చేరారు. ఆర్నెల్లకి పిన్ని పడవలో తను దిగింది, జ్వరంతో ఒళ్ళు కాలిపోతూ. ఆ జ్వరం అక్కకి అంటుకుంది. తను లేచింది, అక్క లేవలేదు.

"నావల్లే పోయిందమ్మా."

"ఏటా ఇదే పాట! జ్వరం తీసుకుపోయింది, నువ్వు కాదు." తల్లి చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుంది. "నాకూ దానికీ కాగితాలు వచ్చేశాయి. వారంలో విమానం ఎక్కాల్సిన పిల్ల. ఇద్దరమే ఎక్కాం."

మూడు గంటలకి వీ తీర్పు చదివింది. ఖియెమ్ పౌరసత్వం రద్దు.

ముసలాయన అటూ ఇటూ చూసి మెల్లగా లేచాడు. పక్కన నలభై ఏళ్ళు దాటిన ఆ 'పిల్ల' ఇప్పటికీ ఆయన చొక్కా పట్టుకునే ఉంది.

"బాధపడకు తల్లీ, రూలు రూలే," అన్నాడు వంగి దణ్ణం పెడుతూ. "నువ్వు అబద్ధమన్నది ఎరగని మనిషివని మనవాళ్ళంతా చెప్పారు. మన పిల్ల ఆ కుర్చీలో కూర్చుంది. మాకదే చాలు."

తిట్టినా బాగుండేది. చెప్పు విసిరినా బాగుండేది.

గదిలోకొచ్చాక రెబెకా మెల్లగా అంది. "మీకు వేరే దారి లేదు మేడమ్."

"ఉంది. ధైర్యం లేదు."

సాయంత్రం మళ్ళీ అమ్మ ఇంటికే వెళ్ళింది. తల్లి గిన్నెలు కడుగుతోంది. కూతురి మొహం చూడగానే తీర్పేమిటో ఆమెకి తెలిసిపోయింది.

వీ పటం ముందు కూలబడింది. "క్షమించక్కా," అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది. "ఆయనకి వేసిన శిక్ష నాక్కూడా పడాలి."

"ఇక చాలు లేవే," అంది తల్లి తడి చేతులతో వచ్చి. "ఎవరన్నా వస్తారు. పటం లోపల పెట్టెయ్."

పటం మీద అగరొత్తుల బూడిద రాలి ఉంది. వీ దాన్ని ఒళ్ళోకి తీసుకుని కోటు అంచుతో తుడిచింది.

బూడిద కింద అమ్మ చేతిరాత కనపడింది: డ్వాన్ తూంగ్ వీ, పదమూడేళ్ళు.