అబ్బాయి ఉన్నాడా?

"ఒక్క సంతకం పెద్దమ్మా! మీ అబ్బాయి రేపు కోర్టుకొచ్చి జడ్జిగారి ముందు ఒక్క సంతకం పెడితే రౌడీషీటు ఎత్తేస్తారు. ఆ తర్వాత ఏ పోలీసూ మీ తలుపు తట్టడు."

లాయరమ్మ ఈ మాట చెప్పడం ఇది ఎన్నోసారో. కాజాలమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ ఊఁ కొట్టింది. దర్జీ కొట్టు చొక్కాలకు కాజాలు కుట్టి, గుండీలు వేసి బతుకుతుంది కనుక వీధిలో ఆమెకు అదే పేరు. కళ్లు మూసుకుని దారం ఎక్కించగల మనిషికి ఈ పూట బెజ్జం దొరకడం లేదు.

"వాడికి చెప్తాన్లే తల్లీ."

"చెప్పడం కాదు, తీసుకురండి. అసలెప్పుడుంటాడు ఇంట్లో?"

"వాడి సంగతి నన్నడిగితే ఏం చెప్పను?"

ఎప్పుడో కుర్రతనంలో ఎవరి గొడవలోనో పక్కన నిలబడ్డాడని స్టేషన్లో కొడుకు మీద షీటు తెరిచారు. ఎక్కించేటప్పుడు ఎవరూ అడగరు, దించమంటే మాత్రం కోర్టు మెట్లెక్కాలి. అప్పటినుంచి ప్రతి ఆదివారం పోలీసు వచ్చి, మనిషి ఇంట్లో ఉన్నాడో లేడో చూసి రాసుకుపోవాలి. పోలీసులు తొక్కే గుమ్మం మేం తొక్కమని ఆడపడుచు మానేసింది, తోడికోడలు మానేసింది. పెళ్లికి పిలుపు లేదు, కష్టానికి పలకరింపు లేదు. పోయినేడు ఈ వీధికి గది మార్చింది కాజాలమ్మ. ఇక్కడివాళ్లకు ఆమె కొడుకు ముఖం తెలియదు. పేరు మాత్రం, పోలీసు పుణ్యమా అని, అందరికీ తెలుసు.

ఆ స్టేషన్ షీట్లన్నిటి మీదా లాయరమ్మ పైసా తీసుకోకుండా కేసు వేసింది. ఏళ్ల తరబడి ఏ తప్పూ చేయని మనుషుల ఇళ్లకు పోలీసులు ఇలా వస్తూ ఉండటం కుదరదని కోర్టు తేల్చింది. అయితే ఎవరికి వారు హాజరై సంతకం పెట్టాలి.

తలుపు చప్పుడైంది.

కాజాలమ్మ ముఖం విచ్చుకుంది. సూది చీరకు గుచ్చుకుని గబగబా వెళ్లి గడియ తీసింది. గుమ్మంలో బక్కపలచటి కానిస్టేబుల్.

"అబ్బాయి ఉన్నాడా అమ్మా?"

"ఇప్పుడే బయటికెళ్లాడు బాబూ. కాస్త ముందొస్తే దొరికేవాడు."

"ఎప్పుడూ ఇంతే. దగ్గు తగ్గిందా?"

"ఎక్కడ తగ్గుద్ది? చల్లటి నీళ్లు తాగొద్దురా అంటే వింటేగా!"

"ఈ వయసులో ఎవరు వింటారమ్మా?" అంటూ అతను టోపీ తీసి స్టూలు మీద కూర్చున్నాడు. "ఇదిగో, గుండీ మళ్లీ ఊడింది."

"నీ చొక్కాతో ఏగలేను బాబూ. ఇటు తిరుగు."

ఈసారి బెజ్జం ఒక్క చూపులో దొరికింది. గుండీ కుడుతున్నంతసేపూ ఆమె నోటికి అడ్డులేదు. కొడుకు అన్నం దగ్గర పెట్టే పేచీ, పాత చెప్పులు పారేయనివ్వకపోవడం, తీగ మీద ఆరుతున్న నీలం చొక్కా అంటే వాడికున్న పిచ్చి. కానిస్టేబుల్ అన్నిటికీ తలూపాడు. లేచి జేబులోంచి పుస్తకం తీసి, 'ఉన్నాడు' అని రాసుకున్నాడు.

లాయరమ్మకు ఒళ్లు మండింది. "మనిషిని చూడకుండానే రాస్తారా? ఇది జడ్జిగారికి చెబితే మీ ఉద్యోగం ఊడుతుంది, తెలుసా?"

"అమ్మ చెప్పింది కదండీ" అన్నాడతను నేల చూపులు చూస్తూ. టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

"చూశారా, తిరగడానికి బద్ధకం! ఇలాంటివాణ్ని వదిలించుకోవద్దూ?"

కాజాలమ్మకు భయం వేసింది. ఆదివారం కూడా తలుపు చప్పుడు కాకపోతే ఆ గదిలో ఎలా బతకాలో ఆమెకు తెలియదు.

మర్నాడు కోర్టులో వెనక బల్ల మీద కూర్చుంది. వీధి చివరి ఇస్త్రీ అతను సంతకం పెట్టి ఏడ్చేశాడు. ఒక్కొక్కరే వెళ్లి వస్తున్నారు. చివరికి బంట్రోతు గొంతెత్తి ఆమె కొడుకు పేరు పిలిచాడు. ఎవరూ లేవలేదు. ఇంకోసారి పిలిచాడు, మరోసారి పిలిచాడు. అంత పెద్ద గొంతుతో ఆ పేరు విని చాలాకాలమైంది కాజాలమ్మకు. కళ్లు మూసుకుని వింది.

"రాలేదా? అయితే ఆ ఒక్కటీ అలాగే ఉంచండి" అన్నారు జడ్జిగారు.

బయటికి రాగానే లాయరమ్మ విరుచుకుపడింది. "ఇంక నావల్ల కాదు! మీవాడికి అంత నిర్లక్ష్యమైతే చచ్చేదాకా ఆ షీటులోనే ఉంటాడు!"

"ఉండనీ తల్లీ" అంది కాజాలమ్మ.

"పోలీసు రాకపోతే నీకు తోచదా ఏంటి?" అని ఇస్త్రీ అతను నవ్వాడు.

ఆదివారం వచ్చింది. వీధి మొత్తానికి మిగిలింది ఒక్క తలుపు. ఒక్క ఇంటి కోసం అంత దూరం ఎవడొస్తాడు? నీలం చొక్కా ఉతికి తీగ మీద వేసి, ఆమె గడియ వైపే చూస్తూ కూర్చుంది. ఎండ గుమ్మం దాటి లోపలికొచ్చింది. చేతిలోని కాజా వంకర పోయింది.

తలుపు చప్పుడైంది.

"అబ్బాయి ఉన్నాడా అమ్మా?"

"ఇప్పుడే వెళ్లాడు బాబూ" అంది.

"ఎప్పుడూ ఇంతే" అని అతను స్టూలు లాక్కున్నాడు. గుండీ చేతికిచ్చాడు. చొక్కా మీద మిగిలిన దారం పోగులు పీచు రేగలేదు, బ్లేడుతో కోసినట్టు నున్నగా ఉన్నాయి. కాజాలమ్మ అది చూసింది. సూదిలో దారం ఎక్కించి కుట్టసాగింది.

కొడుకు శవం మోయడానికి నాలుగో మనిషి దొరకని రోజున వచ్చి భుజం పట్టింది అతనే.