తెర నలుపుకు తగిన పిల్ల

ఇంటింటా గోడంత బొమ్మ వేసే ప్రొజెక్టర్లు వచ్చాక, పెళ్లిచూపులు పిల్లవాడి ఇంటి హాల్లోనే జరుగుతున్నాయి. గోడలు, సోఫాలు, కట్టుకున్న చీరలు అన్నీ నలుపే. లేతరంగు ఏదున్నా తెర వెలుగును తిరిగి తెర మీదికే కొడుతుంది; తెర మీద చీకటి చిక్కగా కనబడాలంటే తప్పదు మరి.

కూతురు మేదినిని తెర ముందు కూర్చోబెట్టి వకుళ ఊపిరి బిగబట్టింది. ఇది నాలుగో సంబంధం.

పిల్లవాడి తల్లి తెరకేసి చూసి నిట్టూర్చింది. "అమ్మాయి మరీ తెలుపు వదినగారూ. ముఖం మీది వెలుగు తెర మీద పడి మా తెర నలుపు బూడిదరంగైపోతోంది."

"రోజూ మిట్టమధ్యాహ్నం డాబా మీద నిలబెడతానండీ," అంది వకుళ ఆత్రంగా.

"చిన్నప్పుడు ఎండలోకెళితే నల్లబడతావని తిట్టేదానివి కదమ్మా," అంది మేదిని.

వకుళ ఇరవై ఏళ్లు ఆ ముఖానికి సున్నిపిండి రుద్దిన చేతులను నల్లచీర కొంగులో దాచుకుంది.