పీత కూర్చున్న చోటు

“మళ్లీ వెయ్యండి,” అంది ఇంజనీరమ్మ. సముద్రంలో ఎక్కడ నూనె కారినా, ఎంత కారిందో లెక్క కట్టడం ఆమె పని.

తెర మీద సముద్రపు అడుగు. గొట్టానికి పడ్డ కన్నంలోంచి నల్లటి నూనె ఎగజిమ్ముతోంది. పక్కనే రాతి మీద ఒక పీత, ఇదంతా తనకు పట్టని వ్యవహారమన్నట్టు కూర్చుని ఉంది. నూనె సుడి కన్నం నుంచి ఆ పీత దాకా ఎంత వేగంగా వెళ్తోందో చూసి, కన్నం వెడల్పుతో లెక్కిస్తే రోజుకు ఎన్ని పీపాల నూనె కారుతోందో తేలుతుంది. ఎన్నోసార్లు చేసిన పనే. అయినా ఇవాళ వీడియో మళ్లీ మళ్లీ వేయించుకుంటోంది.

పదివేల పీపాలు దాటితే పైనున్న ఓడను వెనక్కి పిలవాలి. నూనెతో పాటు పైకొచ్చే గ్యాసుకు ఒక్క నిప్పురవ్వ చాలు. ఈ కెమెరాను కిందికి దింపిన ఆమె తమ్ముడు ఆ ఓడలోనే ఉన్నాడు.

“తమ్ముడున్నాడని అంకె పెంచరు కదా మేడమ్?” నవ్వాడు కంపెనీ మేనేజరు.

“పెంచను. తగ్గించమని మీరూ అడక్కండి.”

“అయ్యో, అదేం మాట.”

ఆ నవ్వు చూస్తేనే ఆమెకు గుబులు. ఇలాంటివాళ్లు అంకె వినగానే కూరగాయల బేరం మొదలెడతారు.

“వీడియో ఇదొక్కటేనా?” అడిగాడు ఆమెకు పని నేర్పిన పెద్దాయన.

“స్పష్టంగా ఉన్నది ఇదొక్కటేనండి,” అన్నాడు మేనేజరు.

పెద్దాయన ఆమె వైపు వంగి, “కీడెంచి మేలెంచమన్నారు. అనుమానం వచ్చిన చోటల్లా ఎక్కువే వేసుకో అమ్మాయ్,” అన్నాడు.

అలాగే వేసింది. నమ్మకం కుదరక మళ్లీ మళ్లీ వేసింది. ఎనిమిది వేలు. ఎంత పొరపాటున్నా తొమ్మిది దాటదు. చేపలకూ తీరానికీ పెద్ద గండమే. ఓడకు మాత్రం కాదు.

మేనేజరు ఒక్క పీపా కూడా తగ్గించమనలేదు. “మీరెంతంటే అంతే,” అని సంతకం చేయించుకుని వెళ్లాడు. ఓడ అక్కడే ఉంటుంది. పాపం, మనిషిని ఊరికే అనుమానించానే అనుకుంది. ప్రాణం కాస్త కుదుటపడింది.

నడవాలోకి వచ్చి తమ్ముడికి ఫోన్ చేసింది. పొద్దున్నించీ దొరకని లైను ఇప్పటికి కలిసింది.

“ఏరా, తిన్నావా?”

“ఏం తింటాను అక్కా, ఈ కంపుకి తల తిరుగుతోంది. మమ్మల్ని ఎప్పుడు వెనక్కి రమ్మంటారు?”

“భయపడకురా. లెక్క నేనే వేశాను, ఓడకేం కాదు. నీ వీడియో చూసీ చూసీ ఆ పీత నాకు చుట్టమైపోయింది.”



“ఏ పీత?”

“కన్నం పక్కన కూర్చుందే, అదేరా.”

“అది చిన్న కన్నం, అక్కా.”