తల్లికీ శిక్షణే

"పేరు మింగెయ్యకక్కా," అన్నాడు నికనోర్. "మళ్ళీ చెప్పు. పోయిందెవరు?"

దిగ్నోరా బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఒళ్ళో చేతుల్ని చూసుకుంటోంది. "పెద్దవాడు," అంది.

"పేరు?"

"రూ..." అని అక్కడే ఆగిపోయింది.

నికనోర్ విసుక్కోలేదు. ఇరవై ఏళ్ళుగా ఆ మైదానంలో పిల్లల్ని బేస్‌బాల్‌కి తయారు చేస్తున్నాడు. ఎవరెక్కడ ఆగిపోతే అక్కణ్ణించే మళ్ళీ మొదలుపెట్టించడం అతని పద్ధతి.

"యాదియెల్! నడుం కాదురా, తొడలతో లాగు!" అని అటు తిరిగి కేకేశాడు.

ఎండిపోయిన గడ్డిలో దిగ్నోరా కొడుకు నడుముకి తాడు కట్టుకుని లారీ టైరు లాక్కొస్తున్నాడు. చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది. అమ్మ వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

"పోయినేడు ఒకావిడ సరిగ్గా ఇలాగే తడబడింది," అన్నాడు నికనోర్. "విచారణకొచ్చినాయన పుస్తకం మూసేసి బస్సెక్కాడు. ఆ పిల్లాడిప్పుడు చెరకు కొడుతున్నాడు. ఇంట్లోవాళ్ళ మాటలో ఏ కాస్త తేడా వచ్చినా ఆటగాళ్ళని కొనే క్లబ్బువాళ్ళు వదిలేస్తారక్కా. పదహారేళ్ళవాడికున్న గిరాకీ పద్దెనిమిది దాటితే ఉండదు. పంతొమ్మిదంటే వాళ్ళ లెక్కలో ముసలివాడే."

"తెలుసు."

"ఏడుపొస్తే ఏడువు. తప్పు లేదు. పేరు మాత్రం మింగకు. క్లబ్బు మనిషి నిన్ననే వచ్చి ఊళ్ళో అందర్నీ అడిగి వెళ్ళాడు. అందరూ ఒక్కటే చెప్పారు. ఇక మిగిలింది నువ్వే."

ఆమె తలూపింది. మరో నాలుగుసార్లు చెప్పించాడు. నాలుగోసారి పేరు పూర్తిగా బయటికొచ్చింది.

పది గంటలకి రాజధాని సాంతో దొమింగో నుంచి వచ్చే బస్సు దిగి ఫెర్మిన్ మళ్ళీ వచ్చాడు. క్లబ్బు తరఫున విచారించే మనిషి. మాట మెత్తన. కాస్త పొట్ట ఉంది. ముందు పిల్లాడి కసరత్తు చూశాడు. సిమెంటు పోసిన డబ్బాల్ని ఇనుప కడ్డీకి రెండువైపులా బిగించి చేసిన బరువుని వాడు పన్నెండుసార్లు ఎత్తి దించాడు.

"పదహారేళ్ళకే ఇంత భుజమా!" అన్నాడు ఫెర్మిన్.

"ఊరికే వచ్చిందా సార్? పొద్దున్నే టైరు, సాయంత్రం ఇసుక మూట, మధ్యలో అరటికాయ ముద్ద, నాలుగు గుడ్లు. ఏడాదిలో ఆరు కిలోల కండ ఎక్కించాను. మీరూ రండి, రెణ్ణెల్లలో ఆ పొట్ట దించేస్తాను."

"మా ఆవిడ వంట నీకు తెలీదు," అని నవ్వాడు ఫెర్మిన్. దిగ్నోరా వైపు తిరిగేసరికి ఆ నవ్వు తగ్గించుకున్నాడు. పక్కనున్న ఇంకో బకెట్టు మీద కూర్చుని పుస్తకం తెరిచాడు.

"అమ్మా, అడగక తప్పదు. ఏమీ అనుకోకండి. మీకెంతమంది పిల్లలు?"

"ఇద్దరు," అంది. "ఇప్పుడొకడు."

"పోయిందెవరు?"

మైదానంలో కొడుకు కడ్డీ కిందపెట్టి నిలబడిపోయాడు. నికనోర్ బూటుతో గడ్డి గీకుతున్నాడు.

"పెద్దవాడు," అంది దిగ్నోరా. "రూబెల్. అప్పటికి పద్దెనిమిదేళ్ళు."

"ఎలా జరిగిందమ్మా?"

ఈ ప్రశ్నకి నికనోర్ జవాబు నేర్పలేదు. నేర్పాల్సిన అవసరం రాలేదు. "రొట్టె తెమ్మని నేనే పంపాను. పక్కింటివాళ్ళ మోటారు సైకిల్ మీద వెళ్ళాడు. మలుపులో చెరకు లారీ... సాయంత్రం దాకా రొట్టె సంచీ రోడ్డు మీదే ఉంది. ఎవరూ తియ్యలేదు. నేనే తీశాను."

ఫెర్మిన్ రాయడం ఆపి టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "సమాధి చూడాలమ్మా. అదీ రాయాలి," అన్నాడు.

మైదానం వెనకే శ్మశానం. నలుగురూ నడిచి వెళ్ళారు. కొయ్య సిలువ మీద తెల్లరంగు ఇంకా మెరుస్తోంది. నల్లని అక్షరాల్లో రూబెల్ అని ఉంది.

"రంగు కొత్తగా ఉందే?" అన్నాడు ఫెర్మిన్.

"ఏడాది ప్రార్థనకి వేయించాం సార్," అన్నాడు నికనోర్. "మొన్న శనివారమే అయింది."

ఫెర్మిన్ సిలువ గుర్తు వేసుకున్నాడు. తర్వాత పిల్లాడి భుజం తట్టాడు. "అన్నని తలుచుకుని ఆడు యాదియెల్. అమ్మకిక నువ్వే దిక్కు."

పిల్లాడు తలూపాడు.

"వచ్చేవారం సంతకాలమ్మా. మీకు కష్టం కలిగించాను, క్షమించండి," అని ఫెర్మిన్ బస్సు రోడ్డు వైపు నడిచాడు. నికనోర్ అతని వెంట వెళ్తూ వెనక్కి తిరిగి గొంతు తగ్గించి, ఆఖరి బరువు దించిన పిల్లాడితో అన్నట్టే, "బాగా చేశావక్కా," అన్నాడు.

తల్లీ కొడుకులు మిగిలారు. వాడు సిలువ ముందు గొంతుక్కూర్చున్నాడు. దాని మీది అక్షరాల వైపు చూడలేక తల మోకాళ్ళలో దాచుకున్నాడు.

"అన్నం తిందువుగాని, లే నాన్నా," అంది దిగ్నోరా. ఏడాదిగా ఇంట్లో వాణ్ణి అలాగే పిలుస్తోంది. పేరు పెట్టి పిలవడం మానేసింది. "మధ్యాహ్నం మళ్ళీ సాధన ఉంది కదా."

"నావల్ల కాదమ్మా," అన్నాడు వాడు.

"నావల్ల మాత్రం అయిందా?"

వాడు లేచి, ముఖం తుడుచుకుని ముందు నడిచాడు. వాడి అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా ఆమె అక్కడే ఉండిపోయింది. ఆ తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, మట్టి మీదికి వంగింది.

"కోపం తెచ్చుకోకు చిన్నోడా, నీ పేరు అన్నకిచ్చేశాను."