ఎటు వెళ్లమంటారు?

"సిస్టమ్ ఆగిపోయిందని చెప్పక్కా. ఆ ఒక్క ముక్క అనేసి బయటపడు," అంది తోటి ఆపరేటర్, మెట్ల దగ్గరే ఆమె చెయ్యి పట్టుకుని. "మేమందరం అదే చెబుతాం."

ఆమె తలూపింది. ఒప్పుకుని కాదు, ఇంక వినే ఓపిక లేక. అంబులెన్స్ కంట్రోల్ రూమ్ నుంచి ఇంటికి పంపించేసి పదకొండు రోజులు. అప్పటినుంచీ ఇదే వరస. ఉన్నది ఒక్క బండి, నువ్వు మాత్రం ఏం చేస్తావని భర్త. అయిందేదో అయింది, నాలుగు ముద్దలు మింగమ్మా అని అత్తగారు. అన్నీ మంచి మాటలే. ఒక్కటీ లోపలికి దిగదు.

విచారణ రెండో అంతస్తులో. తలుపు తోసేసరికి పొడుగాటి బల్ల దగ్గర ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ముందు అట్ట ఫైలు, జేబులో పెన్ను, మడత నలగని చొక్కా.

"నమస్కారం సార్. ఆ రోజు డ్యూటీలో ఉన్నది నేనే."

ఆయన కళ్లజోడు సవరించుకుని చాలాసేపు ఆమెనే చూశాడు.

"కూర్చోమ్మా," అన్నాడు చివరికి. "ఏం జరిగింది?"

సిస్టమ్ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ గొంతులో గద్దింపు లేదు. ఆయనా ఆమెలాగే అలిసిపోయిన మనిషి. అబద్ధం ఆడటానికి కూడా కాస్త ఓపిక కావాలి.

"మూడు బళ్లలో రెండు దూరం వెళ్లాయి సార్. ఒక్కటే మిగిలింది. సాయంత్రం నాలుగున్నరకి ఒకావిడ ఫోన్ చేసింది. పాపకి ఊపిరి అందట్లేదు, పెదాలు నీలంగా అయిపోయాయి అని. ఆవిడ లైన్‌లో ఉండగానే రెండో ఫోన్. భార్య గుండె పట్టుకుని పడిపోయిందట. అవి మాటలు కావు సార్, కేకలు. వాళ్లది ఊరికి ఆ చివర, వీళ్లది ఈ చివర."

"అప్పుడు?"

"డ్రైవర్ రేడియోలో అడిగాడు, 'ఎటు వెళ్లమంటారు మేడమ్?' అని. నేనేమీ అనలేదు."

"ఏమీ అనలేదా?"

"పాప దగ్గరకి అంటే ఆవిణ్ణి నేనే చంపినట్టు. ఆవిడ దగ్గరకి అంటే పాపని. పై ఆఫీసరుకి చేశాను, ఎత్తలేదు. డ్రైవర్ మూడుసార్లు అడిగాడు. ఆరు నిమిషాలు సార్. ఆ పాపం నా నోటి మీదుగా పోకూడదని గడియారం చూస్తూ కూర్చున్నాను."

"ఫోన్ చేసినవాళ్లకి ఏం చెప్పావు?"

ఆమె తల దించుకుంది.

"వస్తోంది, వస్తోంది అన్నాను. ఇద్దరికీ. బండి మాత్రం ఉన్నచోటే ఉంది."

ఆయన వేళ్లు ఫైలు అంచును పట్టుకున్నాయి.

"మరి కదిలింది కదా?"

"చివరికి డ్రైవరే కదిలించాడు. కూడలిలో ఎడమ దారి ఖాళీగా కనిపించిందట, అటు తిప్పేశాడు. పాప ఇల్లు అటు."

"ముందే చెప్పి ఉంటే?"

ఈ ప్రశ్న ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు. ఆమె మాత్రం రోజూ వేసుకుంటూనే ఉంది.

"ఎటో అటు వెంటనే పొమ్మని ఉంటే, ఒకరిని ఆస్పత్రిలో దింపి రెండోవాళ్ల దగ్గరకి వెళ్లేవాడేమో. ఆ ఆరు నిమిషాలు ఇద్దరికీ సరిపోయేవేమో సార్. ఇంట్లో కూడా ఈ మాట అనలేదు."

ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచిందే మళ్లీ తుడిచాడు.

"పాప ఎలా ఉంది?"

"బాగుంది. మొన్ననే ఇంటికి పంపారట. నాలుగేళ్లు."

"నాలుగు," అన్నాడు తనలో తను.

"పోయినావిడకి అరవై రెండు."

"అరవై ఒకటి," అని దిద్దాడు, ఫైలు తెరవకుండానే. ఎంత శ్రద్ధగా చదివాడో అనుకుంది ఆమె.

"అబద్ధం చెప్పమని ఎవరూ అనలేదా?"

"అన్నారు సార్. మీరు అడిగిన తీరుకి నోరు రాలేదు. నన్నేం చేసినా సరే, ఇక్కడితో తేల్చేయండి."

తలుపు తెరుచుకుంది. అటెండరు తల లోపలికి పెట్టాడు.

"విచారణ సార్ ఇప్పుడే వచ్చారు, పక్క గదిలో ఉన్నారు. ముందు ఆపరేటర్ గారిని రమ్మంటున్నారు."

ఆమె లేచి పెద్దాయన వైపు తిరిగింది.

"మరి మీరు...?"

పెద్దాయన నెమ్మదిగా లేచి, తలుపు మూసుకుపోకుండా ఆమె కోసం పట్టుకున్నాడు.

"నాకు చెప్పినట్టే లోపలా చెప్పు," అన్నాడు.

ఆమె గడప దగ్గర ఆగి ఆయన మొహంలోకి చూసింది.

"ఆ రెండో ఫోన్ చేసింది నేనేనమ్మా."