ఆస్తుల కాగితానికి ముద్ర

గడువు ఇంకో పావుగంటలో ముగుస్తుందనగా ఆమె కౌంటర్ ముందుకు వచ్చింది.

కాళ్లకు రబ్బరు చెప్పులు. చంకలో ప్లాస్టిక్ సంచి.

ప్రభుత్వ జీతం తీసుకునే ప్రతి మనిషీ ఏడాదికోసారి తన పేరు మీదున్న ఆస్తులన్నీ రాసివ్వాలి. అందరికంటే పెద్ద అధికారి నుంచి నేల ఊడ్చే మనిషి దాకా ఒకటే కాగితం, ఒకటే గడువు. ఆ గడువు ఇవాళ సాయంత్రం ఐదు.

కౌంటర్ గుమాస్తా పొద్దున్నుంచి ఆరు వందల పది కాగితాలు తీసుకున్నాడు. ఆరు వందల ఐదింటిలో ‘లేవు’ అని ఉంది. ఆ లెక్కన ఉద్యోగులంతా చెట్ల మీద పడుకుని, ఆకులు కప్పుకుని డ్యూటీకి వస్తున్నారన్నమాట.

"ఏం పని చేస్తారమ్మా?"

"ఊడుస్తాను నాయనా. ఆఫీసులో."

"అయితే ‘లేవు’ అని రాసి సంతకం పెట్టండి. ముద్ర వేసేస్తా, ఇద్దరం హాయిగా ఇంటికి పోదాం."

"ఉన్నాయి నాయనా."

"ఏమున్నాయి?"

"మూడు మేడలు."

ఎనిమిదేళ్లుగా తిరగని గోడ ఫ్యాను ఒక్కసారి కదిలినట్టనిపించింది గుమాస్తాకి.

"ఎన్ని?"

"మూడు. ఒకదానికి లిఫ్టు కూడా ఉందట. నేనింకా ఎక్కలేదు."

క్యూలో నవ్వులు మొదలయ్యాయి. ఆమె వెనకే నిలబడ్డ డ్రైవర్ మెడ ముందుకు చాపాడు.

"పిన్నిగారూ, నాకో గది అద్దెకిస్తారా?"

"ఖాళీ ఉందో లేదో తెలీదు బాబూ. కనుక్కుని చెప్తా."

గుమాస్తా గొంతు తగ్గించాడు. "అమ్మా, ఎండలో చాలాసేపు నిలబడ్డారా?"

ఆమె సంచిలోంచి మూడు కాగితాలు తీసి బల్ల మీద పరిచింది. ఇంటి పన్ను నోటీసులు. మూడింటి మీదా ఆమె పేరే. భర్త పేరు, అచ్చుతప్పుతో సహా, ఆమె గుర్తింపు కార్డులో ఉన్నట్టే ఉంది.

"ఇన్నాళ్లూ ఎవరో ఒకాయన కట్టేవాడట. ఆయనకి బదిలీ అయ్యాక నా ఇంటికి రావడం మొదలెట్టాయి. రిజిస్ట్రేషన్ ఆఫీసుకెళ్లి అడిగితే నావేనన్నారు."

"మీరు కొన్నారా?"

"నేనెక్కడ కొంటాను? ఒకాయన వచ్చి సంతకం పెట్టమన్నాడు. జీతం పెంచే కాగితాలన్నాడు. మూడుసార్లు పెట్టా. జీతమైతే పెరగలేదు."

గుమాస్తాకు విషయం అర్థమైంది. అర్థమైనందుకు చెమటలు పట్టాయి.

"ఇవి రాయకండమ్మా. ఎవరో పెద్దవాళ్లవి అయ్యుంటాయి. వాళ్లతో మనకెందుకు?"

ఆమె మూడు మేడలూ రాసేసి, కాగితం అడుగున ఉన్న చిన్న అక్షరాల మీద వేలు పెట్టింది.

"ఆస్తి దాస్తే ఉద్యోగం, పెన్షన్ రెండూ పోతాయని ఉందిగా. ఈ నెలాఖరుకి నేను దిగిపోతున్నా. నా బతుక్కి ఆ పెన్షనే దిక్కు."

"అందరూ దాస్తారమ్మా."

"దాచినవాళ్లకి దాచుకున్నదైనా మిగులుతుంది. నాకేం మిగులుతుంది నాయనా?"

గుమాస్తా కాగితాన్ని ఆమె వైపు నెట్టాడు. "పైవాళ్లని అడిగి చెప్తా. రేపు రండి."

"రేపు గడువుండదుగా."

ఐదుకు ఇంకా మూడు నిమిషాలున్నాయి. తలుపు దగ్గర కెమెరాల వెలుగు పడింది.

పెద్ద అధికారి వచ్చాడు.

ఏటా ఆఖరి రోజున ఆయన స్వయంగా వచ్చి, మామూలు మనిషిలా క్యూలో నిలబడి తన కాగితం ఇస్తాడు. ఆయన కోసం డ్రైవర్ రెండు గంటల నుంచి నిలబడే ఉన్నాడు. ఇప్పుడు డ్రైవర్ పక్కకు తప్పుకున్నాడు, ఆయన ఆ చోట నిలబడ్డాడు. ఫొటోల్లో మాత్రం పుట్టినప్పటి నుంచీ ఆ క్యూలోనే ఉన్నట్టు కనిపిస్తాడు.

"ఏంటయ్యా ఆలస్యం?"

గుమాస్తా లేచి నిలబడ్డాడు. "ఈవిడ కాగితంలో కొంచెం తేడా ఉంది సార్..."

"తేడాలు చూడ్డానికి తర్వాత వేరేవాళ్లున్నారు. తీసుకుని ముద్ర వేయడం నీ పని. రూలు అదేనా, కాదా?"

"అదే సార్. కానీ..."

"పేదవాళ్ల కాగితం దగ్గరే మీకు ‘కానీ’లు గుర్తొస్తాయి. ముందు ఆవిడది వెయ్. తర్వాతే నాది."

కెమెరాలు టకటకలాడాయి.

గుమాస్తా ముద్ర వేశాడు. ఆ చప్పుడుకి పక్క గదిలో సూపరింటెండెంట్ ఉలిక్కిపడి, నిద్రలోనే ఇంకో మూడు ఫైళ్ల మీద సంతకం పెట్టాడు.

ముద్ర పడ్డ కాగితం ఇక వెనక్కి రాదు. తెల్లారేసరికి బయట బోర్డు మీద ఉంటుంది, దారినపోయేవాళ్లంతా చదువుకోవచ్చు.

"ఇక ఇవి నావేనా సార్?" అని ఆమె పెద్ద అధికారినే అడిగింది.

ఆయన కెమెరాల వైపు కొద్దిగా ఎడమకు తిరిగాడు. అటువైపు నుంచే ఆయన ముఖం బాగుంటుంది.

"ఎవరు రాసిస్తే వాళ్లవేనమ్మా. మాదని ఎవడైనా వస్తే, ఇన్నాళ్లూ ఎందుకు దాచావురా అని అడుగుతాం. మీకు భయం లేదు."

రసీదు తనే అందుకుని, రెండు చేతులతో ఆమెకిచ్చాడు. ఆ వెనకే తన కాగితం ఇచ్చాడు. అందులో ఒకే మాట ఉంది, ‘లేవు’. దాని మీదా ముద్ర పడింది.

మైకులు ముందుకొచ్చాయి.

"నన్ను కాదు, ఆవిణ్ని చూపించండి. నిజాయితీ అంటే అదీ." ఆయన ఆమె వైపు వంగాడు. "ఇంతకీ ఎక్కడ పనిచేస్తారమ్మా?"

ఆమె రసీదును నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకుంది.

"మీ గదిలోనే సార్. ఇరవై రెండేళ్లుగా ఆ గది ఊడుస్తున్నా, రోజూ మీరు రాకముందే వెళ్లిపోతా. బదిలీ అయిపోయిన మీ పీఏ గారు తెచ్చిన మేడల కాగితాల మీద సంతకాలు పెట్టింది నేనే."